దమ్ము రాళ్ళు

ఏడో రాయి ఉండాల్సిన చోట లేదు.

సొన్నమ్మ ముందు నమ్మలేదు. మంచు దట్టంగా ఉంది కాబట్టి లెక్క తప్పానేమో అనుకుంది. కానీ ఆరో రాయి మీంచి దాసప్ప లేచినప్పటి నుంచి ఆమె అడుగులు లెక్కపెడుతూనే ఉంది. నూట పదికి కానుగ చెట్టు మొదట్లో మోకాలెత్తు నల్లరాయి రావాలి. కానుగ చెట్టు వచ్చింది. దాని మొదట్లో రాయి కూర్చున్నంత మేర గుంట ఉంది. ఆ తడి గుంటలో ఒక జెర్రి దాక్కునే చోటు దొరక్క అటూ ఇటూ పరుగెడుతోంది.

దాసప్ప గుంట వైపు చూడలేదు. తన చెప్పుల వైపు చూసుకుంటూ భార్య భుజం పట్టుకుని నిలబడ్డాడు. ముప్ఫై ఏళ్ళు భూమి కింద డ్రిల్లింగ్ మిషన్ పట్టిన మనిషి. ఆ రాతి పొడి అంతా ఇప్పుడు ఆయన రొమ్ములోనే ఉంది. ఆయన ఊపిరి నూట పది అడుగులకు సరిపోతుంది. నూట పదకొండో అడుగుకు సరిపోదు.

"యాడికి పోయిందప్పా రాయి?" అంది సొన్నమ్మ.

ఆయన రొమ్ములో ఈల మొదలైంది. నేల మీద కూర్చుంటే కడుపు నొక్కుకుని ఊపిరి అసలే ఆడదు, పైగా మళ్ళీ లేవలేడు. చుట్టూ తంగేడు పొదలు, మంచుకు తడిసిన గడ్డి. ఆనుకుందామంటే కానుగ మొదలు వంకర. సొన్నమ్మ ఇంకేమీ ఆలోచించలేదు. చీర కుచ్చెళ్ళు ఎగదోపి, రెండు చేతులూ మోకాళ్ళూ నేలకానించి వంగింది.

"కూర్చో" అంది.

"వద్దే..."

"కూర్చోమంటే కూర్చో."

యాభై ఎనిమిదేళ్ళ ఆడమనిషి వీపు మీద ఆయన కూర్చున్నాడు. బరువేమీ లేదు. అదే ఆమెకు మరీ కడుపు మండించింది. పెళ్ళైన కొత్తలో ఈ మనిషి రాగుల మూట రెండు చేతులతో ఎత్తి అటక మీద వేసేవాడు. ఇప్పుడు మనిషే మూటంత లేడు.

అప్పుడు దగ్గు వచ్చింది. వచ్చిందంటే ఒక పట్టాన పోయే దగ్గు కాదు. అది ఆయన్ని ముందుకు వంచి, వెనక్కి లాగి, మళ్ళీ వంచింది.

మంచులోంచి ఎవరో "ష్‌ష్" అన్నారు.

సొన్నమ్మ తలెత్తి చూసింది. ఇరవై గజాల దూరంలో ఏడెనిమిది మంది నిలబడి ఉన్నారు. తలకు టోపీలు, కాళ్ళకు మంచి బూట్లు, మెడలో దుర్భిణులు. ప్రతి ఆదివారం బెంగళూరు నుంచి వ్యాన్‌లో వచ్చే నడక సంఘం వాళ్ళు. వాళ్ళలోంచి ఎర్ర టోపీ పెట్టుకున్న పిల్ల వేళ్ళ మీద నడుచుకుంటూ దగ్గరికి వచ్చింది.

"ప్లీజ్ ఆంటీ, కొంచెం సౌండ్ చేయకుండా ఉంటారా? ఆ పొదలో పక్షి ఉంది. ఈ చలికాలంలో తప్ప కనబడదు."

ఒక మనిషి ఇంకొక మనిషి వీపు మీద కూర్చుని ఉన్నాడే, ఎందుకు కూర్చున్నాడని అడగలేదు ఆ పిల్ల. అంతకంటే ఘోరం ఏమిటంటే, దాసప్ప ఆ మాట విన్నాడు. విని, భుజం మీది తువ్వాలు తీసి నోట్లో కుక్కుకున్నాడు. దగ్గు ఆపుకుంటున్నాడు! పిట్ట కోసం! ఆయన ఒళ్ళంతా వణకడం సొన్నమ్మకు వీపు మీద తెలుస్తూ ఉంది.

"తియ్యప్పా ఆ గుడ్డ" అని అరిచింది కిందినుంచే. తర్వాత ఆ పిల్ల వైపు తిరిగింది. "మీ పిట్ట పోతే రేపొస్తాది తల్లీ. ఈయప్ప దమ్ము పోతే వస్తాదా?"

పక్షి ఎగిరిపోయింది. టోపీల వాళ్ళు నిట్టూర్చి ముందుకు కదిలారు. ఎర్ర టోపీ పిల్ల ఒకసారి వెనక్కి తిరిగి చూసి, వాళ్ళతోపాటే వెళ్ళింది.

ఆ రోజు దాసప్పను ఆరో రాయి దాకా వెనక్కి తీసుకురావడానికి మధ్యలో మరోసారి వంగవలసి వచ్చింది.

ఆ బాట కింద చెరువు నీళ్ళను కాలనీలకు తెచ్చే పాత పైపులైను ఉంది. ఎగుడు దిగుడు లేకుండా, ఇరువైపులా కానుగ చెట్లతో, గని కార్మికుల ఇళ్ళ లైన్ల నుంచి గుట్టహళ్ళి దాకా పోతుంది. పాలక్యాన్లు మోసేవాళ్ళూ, పట్టుగూళ్ళ బుట్టలవాళ్ళూ, మేకలవాళ్ళూ అందరూ నడిచే దారి. బంగారు గని మూతపడక ముందు నుంచే, ఊపిరి తగ్గిన గని మనుషులు పొద్దున్నే ఈ బాట పట్టేవాళ్ళు. ఒకడికి ఊపిరి ఎక్కడ చాలకపోతే అక్కడ, తోటివాళ్ళు మరునాడే ఒక రాయి మోసుకొచ్చి వేసేవాళ్ళు. గనిలో నిచ్చెనలెక్కేటప్పుడు ప్రతి మలుపులో నిలబడడానికి ఒక పలక ఉండేది. ఇదీ అట్లాంటిదే. ఎవరి కోసం వేసిన రాయికి వాళ్ళ పేరే. మొత్తం ఇరవైరెండు. పేరున్నవాళ్ళలో ఇప్పుడు బతికున్నది దాసప్ప ఒక్కడే. ఏడో రాయి ఆయనది.

"మంచున్నన్ని దినాలూ నడువు" అని డాక్టరు చెప్పాడు. ఉగాది దాటితే గాలి తిరుగుతుంది. గని వదిలిన సైనైడు మట్టి దిబ్బల మీది తెల్లపొడి ఇళ్ళలోకి, కుండల్లోకి, ముక్కుల్లోకి వచ్చి పడుతుంది. అప్పుడిక గడప దాటే పని లేదు. చలి మొదలైనప్పటి నుంచి వారానికొక రాయి చొప్పున పెంచుకుంటూ దాసప్ప తొమ్మిదో రాయి దాకా వచ్చాడు. ఇరవైరెండో రాయి గుట్టహళ్ళిలో ఆయన అక్క అక్కయమ్మ ఇంటి ముందే ఉంది. పోయిన ఉగాదికి ఆటోలో వెళితే దిబ్బల పక్కనంతా దగ్గి దగ్గి, ఇద్దరు చంకల్లో చేతులేసి దింపారు. తమ్ముణ్ణి అట్లా చూసి ఆ ముసలమ్మ పండగ పూట ఎంగిలి పడలేదు. "వచ్చే ఉగాదికి నా కాళ్ళతోనే వస్తానక్కా" అని చెప్పి వచ్చాడు. ఉగాదికి ఇంకా నలభై ఆరు రోజులున్నాయి. ఇకనుంచి వారానికి రెండు రాళ్ళు దాటితేనే అందుకుంటాడు.

సోమవారం పొద్దున సొన్నమ్మ ఒక్కతే బాట మీద కడదాకా నడిచింది. ఏడు నుంచి పదిహేను దాకా రాళ్ళు లేవు. తొమ్మిది గుంటలు. వెళ్ళేటప్పుడు మంచులో కనబడలేదు కానీ, తిరిగి వస్తుంటే బాట మొదట్లో, పాత పంపుహౌసు పక్కన కనిపించాయి. సిమెంటు తొట్టి ఒకటి కట్టి, దాని చుట్టూ గుండ్రంగా తొమ్మిది రాళ్ళూ పాతారు. సున్నం కొట్టారు. తొట్టి మీద బోర్డు: 'పక్షులకు నీరు. వసంత నడక ఇక్కడ మొదలు. కానుగ పూసే వేళకు అందరం కలుద్దాం.'

సున్నం కొట్టినా ఆమె గుర్తుపట్టింది. పైన గొడ్డలి దెబ్బలాంటి గీత ఉన్నది ముత్యాలప్పది. ఒక మూల విరిగినది గంగప్పది. పాలిపోయిన మొహాలకు పౌడరు రాసినట్టున్నాయి.

నడక సంఘం సెక్రటరీ రామాంజినప్ప పంపుహౌసు నీడలో నిలబడి మొక్కలకు నీళ్ళు పోయిస్తున్నాడు. గనిలో మైన్ కేప్టన్‌గా చేసి రిటైరైన మనిషి. డెబ్బై దాటినా నిటారుగా ఉంటాడు. దాసప్ప వాళ్ళ షిఫ్టుకు పదమూడేళ్ళు ఆయనే పై అధికారి.

"సార్, ఆ రాళ్ళు మావి" అంది సొన్నమ్మ.

"ఏ రాళ్ళమ్మా?"

"మీరు సున్నం కొట్టినారే, అవి."

రామాంజినప్ప నవ్వాడు. "దారి అందరిదమ్మా. కామన్ ట్రైల్. ఒకరి కోసం అడ్డంగా రాళ్ళేసుకుంటే ఎట్లా?"

"దారి అందరిదైతే, దారిలో రాళ్ళు మీ తొట్టి కాడికి ఎట్లొచ్చినాయి సార్? పిట్టలు కూర్చునేదానికా? పిట్టలకు చెట్లుండాయి. మా వాళ్ళకే ఏమీ లేదు."

"కోపం వద్దు. ఆదివారాలు మాత్రం తొమ్మిదింటి తర్వాత రండి. అప్పటికి మావాళ్ళు వెళ్ళిపోతారు."

"తొమ్మిదికి మంచారిపోతాది. దుమ్ము లేస్తాది. మీ సంఘం టైము దుమ్ముకి గూడా చెప్పినారా?"

ఆయన మొహంలో నవ్వు పోయింది. "చూడమ్మా. దొంగతనంగా తీసుకోలేదు. మీ లైన్లో అడిగే తీసుకున్నాం. సరే అన్నాకే ట్రాక్టర్ పంపినాం."

"ఎవరన్న్యారు సరే అని?"

"పోయి మీవాళ్ళనే అడుక్కో" అని ఆయన నీళ్ళ పైపు వైపు తిరిగాడు.

అడగడమంటే ఎట్లా అడుగుతారో సొన్నమ్మ ఆ పూట లైనంతటికీ చూపించింది. ఇంటింటి ముందూ నిలబడింది. "దమ్ము రాళ్ళిచ్చిన మహారాజెవరప్పా? మొగం చూపీ, దండేసి పోతాను" అంటూ మొదలుపెట్టి, ఆ మహారాజు నోట్లో మన్ను పడాలని, వాడు నడవబోతే వాడి కాళ్ళకు నేల దొరకకుండా పోవాలని తిట్టింది. ఎవరూ ఒప్పుకోలేదు. చివరికి ఆమె అనుమానం పక్కింటి బచ్చప్ప మీద పడింది. బచ్చప్పకు కేప్టన్ తోటలో అప్పుడప్పుడు పని దొరుకుతుంది కాబట్టి.

"నువ్వే కదా ఇచ్చింది? తోటపని కోసరం ఇచ్చినావు" అంది నలుగురి ముందు.

బచ్చప్ప మొహం మాడిపోయింది. "అమ్మా, తొమ్మిదో రాయి మా యన్న ముత్యాలప్పది. నా తలమీద మోసి వేసినాను. నేనిస్తానా?"

"నువ్వు కాకుంటే ఇంగెవరు?"

బచ్చప్ప ఇంట్లోకి పోయి తలుపు వేసుకున్నాడు.

దాసప్ప వాకిట్లో కుక్కి మంచం మీద కూర్చుని ఇదంతా వింటున్నాడు. "పోనీలేవే" అన్నాడు ఒకసారి.

"ఏంది పోనీలే? రేపు నువ్వు యాడ కూర్చుంటావు? నా నెత్తినా?"

మంగళవారం ఆరో రాయి దాకా పోయి వెనక్కి వచ్చారు. బుధవారమూ అంతే. కూడబెట్టుకున్న ఊపిరి కూడా కూడబెట్టినట్టే కరిగిపోతుంది. బుధవారం ఆరో రాయి దగ్గరికి వచ్చేసరికే దాసప్ప పెదాలు నీలం తిరిగాయి. సొన్నమ్మ ఆయన్ని ఇంట్లో దింపి, మంచుకు తడిసిన చీరతోనే మళ్ళీ పంపుహౌసుకు వెళ్ళింది.

"పేరు చెప్పు సార్. సరే అన్నోని పేరు చెప్పు. వాని కత నేను చూసుకుంటాను."

రామాంజినప్ప ఆమెను ఒక నిమిషం చూశాడు. ఆయనకు నిజంగానే ఆశ్చర్యం వేసినట్టుంది. "నీకు చెప్పలేదా? దాసప్పేనమ్మా. నీ మొగుడే. టీకొట్టు దగ్గర స్కూటర్ ఆపి అడిగినాను. సరే సార్ అన్నాడు."

దారి పొడుగునా సొన్నమ్మకు తను తిట్టిన తిట్లన్నీ ఒక్కొక్కటే చెవుల్లో వినపడ్డాయి. నోట్లో మన్ను పడ. కాళ్ళకు నేల దొరకకుండా పోను.

ఇంటికొచ్చి నానబెట్టిన అనపగింజల గిన్నె ముందేసుకుని పితకడం మొదలుపెట్టింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గింజను నొక్కితే తొక్క చేతిలో ఉండిపోయి పప్పు గిన్నెలోకి దూకుతుంది. ఆ సాయంత్రం పప్పులు గిన్నె దాటి గోడకు తగిలాయి.

చివరికి దాసప్పే అడిగాడు. "కేప్టన్ చెప్పినాడా?"

"చెప్పినాడు."

"అన్నీ తీస్తారనుకోలే. నాది ఇడిచిపెడతారనుకున్న్యా."

"అది కాదు నేనడిగేది. ఏల సరే అన్న్యావు?"

ఆయన గోడకు ఆనుకుని ఊపిరి కూడదీసుకున్నాడు. తర్వాత ముక్కలు ముక్కలుగా చెప్పాడు.

"కాదనాలంటే... ఏల కాదో చెప్పాల. అడుగుతాడు కదా. ఇది ముత్యాలప్పది, ఇది గంగప్పది, ఇది ఈడెందుకేసినామంటే... అంతా చెప్పాల. అంత దమ్ము యాడుండాదే నాకు? సరే సార్ అంటే... రెండు మాటలు. అయిపోతాది."

సొన్నమ్మ చేతులు ఆగిపోయాయి.

"గని లోపలా అంతే" అన్నాడు ఆయన. "నీళ్ళు లేకుండానే మిషన్ పట్టమన్న్యాడు ఈ కేప్టనే. నీళ్ళు పోస్తే పొడి లేవదు, పని నిదానమైతాది. పొడిలోనే కొట్టమన్న్యాడు. సరే సార్ అంటి." గాలి పీల్చుకున్నాడు. "అప్పుడు దమ్ముండె."

అరవడానికి సొన్నమ్మ దగ్గర మూడు రోజులుగా కూడబెట్టిన మాటలు ఉన్నాయి. ఒక్కటీ బయటికి రాలేదు. ఈ మనిషి మీద కోపం వచ్చింది, నిజమే. ముప్ఫై ఏళ్ళు ఒకే రెండు మాటలతో బతికినందుకు వచ్చింది. కానీ ఆ రెండు మాటలు ఆయన నోట్లో అలవాటయ్యేదాకా పెట్టినవాడు స్కూటర్ మీద తిరుగుతూ పిట్టలకు నీళ్ళు పోస్తున్నాడే, వాడి మీద వచ్చిన కోపం ముందు ఇది ఎంత? తను మాత్రం బచ్చప్పకు తక్కువ చేసిందా? నాలుగో ఇంటి దాకా వినపడేట్టు అరవగలిగిన నోరున్నది తనకు. తనను అడగకుండా ఆయన్నే ఎందుకు అడిగాడో కేప్టన్‌కు బాగా తెలుసు.

పితికిపప్పు పులుసు దించగానే గిన్నెడు తీసుకుని బచ్చప్ప తలుపు తట్టింది. "తప్పయిపోయిందప్పా. నిన్ననరాని మాటన్న్యాను" అంది. బచ్చప్ప గిన్నె అందుకుని వాసన చూశాడు. "ఇచ్చింది ఎవరో తెలిసిందా?" అని అడిగాడు.

"తెలిసింది" అంది. ఎవరో చెప్పలేదు. బచ్చప్ప కూడా అడగలేదు.

"ఆదివారం గడ్డపార కావాల" అంది సొన్నమ్మ.

"గడ్డపారొకటే ఏం చేసుకుంటావు? నేనూ వస్తాలే."

ఎవరూ లేని వేళ చూసి పెళ్ళగించుకోవచ్చు కదా అని బచ్చప్ప శనివారం ఒకసారి అన్నాడు. సొన్నమ్మ ఒప్పుకోలేదు. తమ రాళ్ళు తాము తెచ్చుకోవడానికి దొంగల్లా ఎందుకు పోవాలి? అందరూ చూస్తుండగానే పోవాలంది. దాసప్పను రావద్దంది. ఆయన తెల్లారగానే స్వెటర్ తొడుక్కుని కర్ర పట్టుకున్నాడు.

ఆదివారం మంచు కాస్త పలచగా ఉంది. పంపుహౌసు దగ్గర వ్యాన్ ఆగి ఉంది. టోపీల వాళ్ళు తొట్టి చుట్టూ నిలబడి ఫ్లాస్కుల్లోంచి కాఫీ తాగుతున్నారు. రామాంజినప్ప వాళ్ళకు కానుగ గురించి చెబుతున్నాడు. ఇప్పుడిట్లా ముదురాకుతో ఉన్నా, ఫాల్గుణంలో ఆకంతా రాల్చి, ఉగాదికి లేతాకుపచ్చగా మారుతుందని, ఆ పైన పూత వస్తుందని, అది చూడడానికి తప్పక రావాలని.

సొన్నమ్మ ఆ ప్రసంగం మధ్యలోకి నడిచి, తొట్టి పక్కనున్న ఒక రాయి కింద గడ్డపార దించింది.

"ఏయ్, ఏం చేస్తున్నావు?" అన్నాడు రామాంజినప్ప.

ఆమె గడ్డపార ఇంకా లోతుకు దించింది. బచ్చప్ప కొనకు ఆనుకుని నొక్కాడు. రాయి కదిలింది.

ఆయన ఆమెతో పెట్టుకోలేదు. ఎవరితో మాట్లాడితే పని అవుతుందో ఆయనకు తెలుసు. వెనక కర్ర మీద ఆనుకుని నిలబడ్డ దాసప్ప వైపు తిరిగాడు. "దాసప్పా, మీ ఆవిడకు చెప్పు. నువ్వే కదా సరే అన్నావు. అన్నావా లేదా?"

గడ్డపార ఆగింది. బచ్చప్ప తలెత్తి చూశాడు. ఇచ్చింది ఎవరో ఆయనకు ఇప్పుడు తెలిసింది. టోపీల వాళ్ళంతా దాసప్ప వైపే చూస్తున్నారు. సొన్నమ్మ గడ్డపార మీద పిడికిలి బిగించింది. ఇప్పుడు గనక ఈయన సరే సార్ అంటే, ఈ రాయి ఇక్కడే వదిలేసి, ఇంటికి పోయి ఇంకెప్పుడూ ఈయన్ని నడవమని అడగననుకుంది.

"అన్న్యాను" అన్నాడు దాసప్ప. ఊపిరి తీసుకున్నాడు. "ఇప్పుడు కాదంటా ఉండాను."

"కాదా? ఎందుకు కాదు?"

దాసప్ప నోరు మూసుకున్నాడు.

రామాంజినప్ప కారణం కోసం చూశాడు. ఆయన జీవితమంతా, కాదన్నవాడు కారణం చెప్పుకోవాల్సిందే. ఆయన వినేవాడు, విని చాలదనేవాడు. దాసప్ప మాత్రం ముక్కుతో నెమ్మదిగా గాలి పీల్చుకుంటూ, ముందున్న నూట పది అడుగుల కోసం దాచుకుంటున్నాడు. ఎదుటి మనిషి ఏమీ మాట్లాడకపోతే రామాంజినప్పే మాట్లాడవలసి వచ్చింది.

"కూర్చోడానికంటే చెప్పాల్సింది కదా... బెంచీ ఒకటి వేయిస్తాం... సంఘంలో పెట్టి, వసంతం ప్రోగ్రాం అయ్యాక..." అన్నాడు. "నాకెట్లా తెలుస్తుంది? చెప్పాలి కదా!"

ఆయన మాటలు ఆయన చుట్టూనే తిరిగి ఆగిపోయాయి.

రాయి పైకి వచ్చింది. ఏడోది, దాసప్పది. దాని అడుగున ఇంకా సున్నం అంటని నల్లదనం ఉంది. ఎర్ర టోపీ పిల్ల దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, "ఇవి ఎవరివి ఆంటీ?" అని అడిగింది.

"మా వాళ్ళవి. ఇది ఈయనది. అది గంగప్పది, పోయినాడు. అది ముత్యాలప్పది, పోయినాడు. దమ్ము చాలక యాడ నిలబడిపోయినారో ఆడ వేసిన రాళ్ళు. మీరు తెచ్చి పిట్టలకు పేరంటం పెట్టినారు."

ఆ పిల్ల మొహం ఎర్రబడింది. ఏం చేయాలో తోచక జేబులోంచి ఫోను తీసి, రాళ్ళ వైపు పట్టింది.

"ఫోటో ఏందికి? దాన్ని లోపల పెట్టి, ఆ పక్క పట్టు" అంది సొన్నమ్మ.

పిల్ల వెనక ఉన్న వాళ్ళ వైపు చూసింది. వాళ్ళు కాఫీ కప్పుల్లోకి చూస్తున్నారు. ఆమె ఫోను జేబులో పెట్టి, వంగి, రాయి కింద వేళ్ళు పోనిచ్చింది. సున్నం చేతులకు, కోటుకు అంటుకుంది. బచ్చప్ప ఒక పక్క, ఆమె ఒక పక్క ఎత్తారు. సొన్నమ్మ వెనక నుంచి ఆసరా ఇచ్చింది.

బాట మొదట్లో రామాంజినప్ప ఇంకా అడ్డంగానే నిలబడి ఉన్నాడు. కావాలని నిలబడ్డాడో, కదలాలని తోచలేదో. రాయి మోసేవాళ్ళు ఆయన ముందు ఆగిపోయారు. బరువుకు బచ్చప్ప చేతులు లాగేస్తున్నాయి. అయినా పక్కకు జరగమని కేప్టన్‌తో ఎట్లా అనాలో ఆయనకు తెలియలేదు. సొన్నమ్మ నోరు తెరిచింది.

ఆమె కంటే ముందు వెనక నుంచి దాసప్ప గొంతు వినిపించింది. గట్టిగా లేదు. కానీ మధ్యలో ఎక్కడా తెగలేదు.

"జరుగు, రామాంజినప్పా."

పేరు పక్కన 'సార్' లేదు. ఆ పేరును ఎదురుగా నిలబడి అట్లా పిలిచినవాడు గనిలో ఎవడూ లేడు. రామాంజినప్ప దాసప్పను చూశాడు, రాయిని చూశాడు, బూట్లతో తడి గడ్డిలోకి దిగాడు. రాయి ముందు, దాసప్ప వెనక బాట మీదికి వెళ్ళారు. సొన్నమ్మ అడుగులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.